గానుగ కొనేముందు నూనె అమ్మి చూడండి: రైతు తనకు తగిన వ్యాపారం ఎంచుకోవడం ఎలా?



పై వీడియోలో చెక్క గానుగలో వేరుశనగ నూనె ఎలా తీస్తారో చూశారు. ఇలాంటి వీడియో పెట్టిన ప్రతిసారీ ఫోన్లు వస్తాయి. ఎక్కువమంది అడిగేది ఒక్కటే: "అన్నా, ఆ మిషన్ ఎంత? ఎక్కడ దొరుకుతుంది?"

మొన్న అనంతపురం వైపు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. ఏడెకరాల్లో రసాయనాలు లేకుండా శనక్కాయ, కంది పండిస్తున్నాడు. "అన్నా, ఎకరా తాకట్టు పెడితే మూడు లక్షలొస్తాయి. గానుగ పెట్టేస్తా. ఏమంటావ్?" అన్నాడు.

"నూనె ఎవరు కొంటారు తమ్ముడూ?" అని అడిగాను.

"మంచి నూనె అయితే ఎవరైనా కొంటారు కదన్నా!"

ఆ మాట వినగానే నాకు భయమేసింది. కొన్నేళ్ల కింద నేనూ అదే మాట అన్నాను. పసుపు పండించి, పొడి కొట్టి అమ్ముదామని ఇంట్లో బంగారం బ్యాంకులో పెట్టి పల్వరైజర్ కొన్నాను. పసుపు మంచిదే. కొన్నవాళ్లంతా బాగుందన్నారు. కానీ పావు కిలో కొన్న ఇల్లు మళ్లీ రెండు మూడు నెలల దాకా పసుపు మాటెత్తదు. మిషన్ వారానికి ఒక పూట తిరిగేది, వడ్డీ మాత్రం రోజూ తిరిగేది. చివరికి మిషన్‌ని సగం ధరకు అమ్మేసి బంగారం విడిపించుకున్నాను. అప్పుడు ఎవరైనా నన్ను కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడిగి ఉంటే బాగుండేది. ఆ ప్రశ్నలే ఈ రోజు మీ ముందు పెడుతున్నాను.

ఆలోచన ఎక్కడ వెతకాలి?

యూట్యూబ్‌లో వెతకొద్దు. మా వీడియోలో కూడా వెతకొద్దు. వీడియో చూసి పని ఎలా చెయ్యాలో నేర్చుకోవచ్చు. ఏ పని చెయ్యాలో మాత్రం మన పొలం, మన ఊరు చెప్పాలి. వెతకడానికి నాలుగు చోట్లున్నాయి.

1. మన పంటకీ వంటింటికీ మధ్య దారి. ధాన్యం బియ్యమయ్యేదాకా, కంది పప్పయ్యేదాకా, శనక్కాయ నూనె అయ్యేదాకా ఎన్ని చేతులు మారుతోంది? అందులో ఏ ఒక్క పని మన ఇంట్లో చెయ్యగలం? అన్నీ చెయ్యనక్కర్లేదు, ఒక్కటి చాలు.

2. పక్క రైతు ఇబ్బంది. ఆవు లేని రైతుకు జీవామృతం కలుపుకోవడం కష్టం. దశపర్ణి కషాయానికి పది రకాల ఆకులు తెచ్చే ఓపిక అందరికీ ఉండదు. అందుకే ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో ఊళ్లలో ఎన్‌పీఎం షాపులు వచ్చాయి. కొర్రలు, సామలు పండించిన రైతుకు పొట్టు తీయడం పెద్ద తలనొప్పి. చిన్న పొట్టు తీసే మిషన్లకు గిరాకీ వచ్చింది అందుకే. పదిమంది "ఇది చేసేవాళ్లు ఉంటే బాగుండు" అంటున్న పని ఏదో వినండి.

3. మనల్ని ఇప్పటికే అడుగుతున్నది. పండక్కి ఊరొచ్చిన బంధువులు తిరిగి వెళ్లేటప్పుడు ఏం మూట కట్టించుకుంటారు? బియ్యమా, కందిపప్పా, మీ అమ్మ పెట్టిన పచ్చడా? అది గమనించండి.

4. మనం పారేస్తున్నది, లేదా చవగ్గా వదిలేస్తున్నది. నూకలు, తవుడు, కందిపొట్టు, గానుగ పిండి, పేడ. ఒక్కోసారి అసలు సరుకు కంటే ఇవే వ్యాపారాన్ని నిలబెడతాయి.

ఒక నోటు పుస్తకం తీసుకుని పదిహేను రోజులపాటు కనిపించినవన్నీ రాయండి. పది పన్నెండు ఆలోచనలు వస్తాయి. అప్పుడు జల్లెడ పట్టాలి.

జల్లెడ: ఐదు ప్రశ్నలు

ఒకటి, చివరికి దీన్ని వాడేది ఎవరు?

ఈము పక్షులు గుర్తున్నాయా? మన దగ్గర, తమిళనాడులో ఎందరో రైతులు షెడ్లు వేశారు. జత కొనడం, గుడ్లు పొదిగించడం, పిల్లల్ని ఇంకో రైతుకు అమ్మడం. ఆ రైతు మరో రైతుకు అమ్మాలి. మాంసం కొని తినేవాళ్లు మాత్రం పెద్దగా లేరు. కొత్త రైతులు చేరినంతకాలం డబ్బు కనపడింది. 2012లో తమిళనాడులో ఈము పెట్టుబడి పథకాలు కుప్పకూలాయి. పక్షులకు మేత పెట్టలేక వదిలేసినవాళ్లున్నారు. ఈ రోజు కూడా "మొక్కలు మేమే ఇస్తాం, పంట మేమే కొంటాం" అని ఎవరైనా వస్తే అడగండి: మీరు కొన్నది చివరికి ఎవరింటికి పోతుంది? సూటిగా జవాబు రాకపోతే టీ తాగించి పంపించెయ్యండి.

రెండు, ఎన్ని రోజులకు మళ్లీ కొంటారు?

నేను తప్పింది ఇక్కడే. బియ్యం, నూనె, పప్పు ప్రతినెలా కావాలి. పాలు, కూరగాయలు రోజూ కావాలి. పసుపు, తేనె ఒకసారి కొంటే చాలాకాలం వస్తాయి. అలాంటివి వద్దని కాదు. వాటిని నెలనెలా కొనే సరుకుతో కలిపి అమ్మాలి. పసుపు ఒక్కటే నమ్ముకుని మిషన్ కొనకూడదు.

మూడు, ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది?

ద్రవ జీవామృతాన్ని వారం లోపు పొలానికి పెట్టెయ్యాలి. సీసాలో పోసి అంగట్లో పెట్టే సరుకు కాదది. ఘన జీవామృతం నీడలో ఆరబెట్టి గోనె సంచుల్లో ఉంచితే నెలల తరబడి ఉంటుంది. అంటే అమ్మకానికి ఘన జీవామృతమే తగింది. ద్రవం కావాలన్నవాళ్లకు ముందే ఆర్డర్ తీసుకుని కలపాలి. అలాగే పాలిష్ పట్టని దేశవాళీ బియ్యం తొందరగా ముక్కవాసన వస్తుంది, పురుగు పడుతుంది. ఏడాది ధాన్యం ఒకేసారి మర ఆడించి పెట్టుకుంటే నష్టం. వడ్లు వడ్లుగానే ఉంచి నెలకు కావలసినంత ఆడించుకోవాలి.

నాలుగు, ముడిసరుకు మన చేతిలో ఉందా?

మన పంట అయిపోయాక ఏం చేస్తాం? మార్కెట్లో దొరికిన గింజలు తెచ్చి, అదే సీసాలో పోసి, అదే పేరుతో అమ్మితే ఒక్కసారి బయటపడినా చాలు, మన పేరుండదు. ప్రకృతి వ్యవసాయ రైతు అమ్మేది సగం సరుకు, సగం నమ్మకం. అందుకే చుట్టుపక్కల మనలా పండించేవాళ్లతో కలవాలి. పీజీఎస్ సర్టిఫికెట్‌కి కూడా కనీసం 5 మంది రైతుల గ్రూపు కావాలి. అనంతపురం ప్రాంతంలో టింబక్టు కలెక్టివ్ తోడ్పాటుతో రైతులు పెట్టుకున్న ధరణి సహకార సంఘం చిరుధాన్యాలు, వేరుశనగ వంటి పంటల్ని శుభ్రం చేసి, తయారు చేసి అమ్ముతోంది. ఒక్కరికి బరువైన మిషన్ నలుగురు కలిస్తే తేలికవుతుంది.

ఐదు, పోతే ఎంత పోతుంది?

ఇది ఇంట్లోవాళ్ల ముందు కూర్చుని తేల్చుకోవలసిన ప్రశ్న. "పోయినా పర్వాలేదు" అనుకునే మొత్తం ఎంతో ముందే రాసుకోండి. పదివేలా, ఇరవైవేలా? పొలం, పశువులు, ఆడవాళ్ల బంగారం ఆ లెక్కలోకి రాకూడదు.

ఈ ఐదింటికీ నిలిచిన ఆలోచనలు రెండో మూడో మిగులుతాయి. వాటిలో ఒక్కటే తీసుకోండి.

మిషన్ లేకుండా మూడు నెలలు

ఆ తమ్ముడికి ఇదే చెప్పాను. పక్క ఊళ్లోనో, మండల కేంద్రంలోనో గానుగ ఉంటుంది. మీ గింజలు తీసుకెళ్లి కూలికి ఆడించుకోండి. ఆడించేటప్పుడు పక్కనే నిలబడండి. నూనెను కదలకుండా పెట్టి తేర్చి, పూర్తిగా తేమ ఆరిన సీసాల్లో పోయండి. తర్వాత అమ్మండి.

అమ్మేటప్పుడు కొన్ని నియమాలు:

- ఊరికే పంచొద్దు. ఊరికే ఇస్తే అందరూ బాగుందనే అంటారు.
- మొహమాటానికి ఒకసారి కొన్న బంధువుల్ని లెక్కలో వేసుకోవద్దు.
- మొదటి మూడు నెలలు అప్పు ఇవ్వొద్దు. డబ్బు తీసి ఇచ్చినప్పుడే వాళ్ల అసలు మాట తెలుస్తుంది.
- పుస్తకంలో పేరు, తేదీ, ఎన్ని లీటర్లు, ఎంతకు అని రాయండి. మళ్లీ అడిగినవాళ్ల పేరు పక్కన టిక్కు పెట్టండి.
- మళ్లీ అడగనివాళ్లకు ఫోన్ చేసి కారణం కనుక్కోండి. "నురగ వచ్చింది", "ధర ఎక్కువ", "సీసా కారింది". ఈ మాటలు బంగారం.

మూడు నెలల తర్వాత ఎన్ని టిక్కులున్నాయో చూసుకోండి. యాభై మంది ఒకసారి కొని ఐదుగురే మళ్లీ వస్తే ఆ ఆలోచన మన దగ్గర నడవదు. ఇరవై మంది కొని పదిహేను మంది మళ్లీ వస్తే అది చిన్నదైనా నిలబడుతుంది.

లెక్క ఇలా వెయ్యండి

ఇవి ఉదాహరణకు వేసిన ధరలు. మీ ఊరి ధరలు పెట్టుకుని మీరే వేసుకోండి. 100 కిలోల కాయ వొలిస్తే సుమారు 70 కిలోల గింజ వస్తుంది. గానుగలో సుమారు రెండున్నర కిలోల గింజకు ఒక లీటరు నూనె వస్తుంది.

100 కిలోల గింజలకు:
- గింజల ధర కిలో 120 చొప్పున: 12,000
- గానుగ కూలి కిలోకు 15 చొప్పున: 1,500
- సీసాలు, లేబుళ్లు, రవాణా లీటరుకు 20 చొప్పున: 800
- మొత్తం ఖర్చు: 14,300
- 55 కిలోల పిండి కిలో 40 చొప్పున అమ్మితే తిరిగొచ్చేది: 2,200
- మిగిలిన ఖర్చు: 12,100

40 లీటర్లు వచ్చింది కాబట్టి లీటరు మనకు 302 రూపాయల 50 పైసలు పడింది. 350కి అమ్మితే లీటరుకు 47 రూపాయల 50 పైసలు, మొత్తం 1,900 మిగులుతుంది. మన తిరుగుడు కూలి ఇందులోనే. గింజలు మన సొంత పంటే కదా అని వాటి ధర వదిలేసి లెక్క వెయ్యొద్దు. మండీలో అమ్మితే వచ్చే ధర వెయ్యాల్సిందే. లేకపోతే పొలం లాభాన్ని గానుగ లాభం అనుకుని మోసపోతాం.

ఇప్పుడు సొంత గానుగ లెక్క. మిషన్ 3 లక్షలు, అప్పు మీద ఏడాదికి 12 శాతం వడ్డీ అనుకుందాం. మొదటి ఏడాది నెలకు వడ్డీ 3,000. ఐదేళ్లలో అసలు తీర్చాలంటే నెలకు 5,000. మొత్తం 8,000. సొంత గానుగ ఉంటే క్వింటాలుకు 1,500 కూలి మిగులుతుంది గానీ, కరెంటు, మనిషి కూలి కింద సగం పోతుంది. నికరంగా మిగిలేది 750. అంటే 8,000 రావాలంటే నెలకు వెయ్యి కిలోలకు పైగా గింజ ఆడాలి, 400 లీటర్లకు పైగా నూనె అమ్మాలి. ఇంటికి నెలకు 3 లీటర్లు అనుకుంటే సుమారు 140 ఇళ్లు. అన్ని ఇళ్లు మన పుస్తకంలో టిక్కుతో ఉన్న రోజున మిషన్ కొనొచ్చు. లేదా చుట్టుపక్కల రైతులు తమ గింజలు మన దగ్గరే ఆడించుకుంటామని మాట ఇచ్చి ఉండాలి.

సబ్సిడీ, కాగితాలు

చిన్న ఆహార పరిశ్రమలకు 2020లో మొదలైన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు సబ్సిడీ ఉంటుంది. అది బ్యాంకు లోనుతో ముడిపడింది. మన వాటా కనీసం 10 శాతం పెట్టాలి, మిగతాది మనం తీర్చవలసిన అప్పే. ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో మీ జిల్లాలో అడిగి తెలుసుకోండి. సబ్సిడీ వస్తుందని వ్యాపారం ఎంచుకోవద్దు. వ్యాపారం నిలబడుతుందని తేలాక సబ్సిడీకి వెళ్లండి.

పచ్చి పంట అమ్మడం వేరు, నూనె, పొడి, పచ్చడి తయారు చేసి అమ్మడం వేరు. తయారు చేసిన వాటికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. లేబుల్ మీద "ఆర్గానిక్" అని అచ్చు వేయించే ముందు పీజీఎస్ గానీ ఎన్‌పీవోపీ గానీ సర్టిఫికెట్ సంగతి చూసుకోండి.

ఆ తమ్ముడు ఏం చేశాడు?

మొదట అలిగాడు. "నువ్వు వద్దంటావనుకోలేదన్నా" అన్నాడు. తర్వాత రెండు బస్తాల గింజలు తీసుకెళ్లి కూలికి ఆడించాడు. ఇప్పుడు రెండో నెల నడుస్తోంది. ముప్పై ఒక్క ఇళ్లు కొన్నాయి, పందొమ్మిది ఇళ్లు మళ్లీ అడిగాయి. ఒక సంగతి మాత్రం తను అసలు అనుకోలేదు: నూనె కంటే ముందే పిండి అయిపోతోంది. ఊళ్లో పాడి ఉన్నవాళ్లు ముందే చెప్పి పెట్టుకుంటున్నారు. గానుగ కొంటాడో లేదో ఇంకా తెలియదు. ఎకరా మాత్రం తాకట్టు లేకుండా ఉంది, అందులో ఈసారి కూడా శనక్కాయే వేస్తున్నాడు.

మీరు కూడా ఈ రాత్రి ఒక నోటు పుస్తకం తీయండి. మొదటి పేజీలో మిషన్ ధర రాయొద్దు. మీ దగ్గర ఇప్పటిదాకా రెండుసార్లు డబ్బిచ్చి కొన్నవాళ్ల పేర్లు రాయండి. ఎంతమంది ఉన్నారో చూసుకుని, అక్కడినుంచి మొదలుపెట్టండి.