మంచునేలపై పరాయి జెండా

స్వాతంత్ర్యం కోసం సాగే పోరాటంలో గమ్యం ఎంత ముఖ్యమో మార్గమూ అంతే ముఖ్యం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్ సైన్యంలో చేరిన భారతీయ సైనికుల చరిత్ర ఈ సత్యాన్ని మన ముందుంచుతుంది.

1941 జనవరిలో నేతాజీ సుభాష్ చంద్రబోస్ కలకత్తాలోని గృహ నిర్బంధం నుండి తప్పించుకొని, కాబూల్, మాస్కోల మీదుగా ఏప్రిల్ నాటికి బెర్లిన్ చేరుకున్నారు. శత్రువుకు శత్రువు మిత్రుడనే రాజనీతిని అనుసరించి ఆయన జర్మనీ సాయాన్ని అర్థించారు. అప్పటికే ఆ దేశం పోలండ్, హాలండ్, బెల్జియం, ఫ్రాన్సు వంటి దేశాలను ఆక్రమించి, అక్కడి ప్రజల స్వేచ్ఛను హరించింది.

ఆ సమయంలో నేతాజీకి కార్యదర్శిగా, దుబాసీగా తోడు నిలిచినవాడు మన హైదరాబాదు వాసి ఆబిద్ హసన్. 1911లో జన్మించిన ఈయన ఇంజనీరింగు చదువు కోసం జర్మనీ వెళ్లి, నేతాజీ పిలుపు విని చదువును విడిచిపెట్టాడు. ఉత్తర ఆఫ్రికా రణరంగంలో జర్మన్లకు, ఇటాలియన్లకు పట్టుబడిన భారతీయ యుద్ధఖైదీల నుండి స్వచ్ఛంద సైనికులను సమీకరించే కార్యంలో ఆయన పాల్గొన్నాడు.

1941 డిసెంబరు చివరి వారంలో, చలి తీవ్రంగా ఉన్న రోజుల్లో, పదిహేనుమందితో కూడిన తొలి బృందం శిక్షణ కోసం ఫ్రాంకెన్‌బర్గ్‌కు బయలుదేరింది. క్రమంగా ఆ దళం సుమారు 3,000 మందికి పెరిగింది. హిందువులు, ముస్లింలు, సిక్కులు ఒకే పటాలంలో కలిసి జీవించారు. అందరికీ చెల్లే పలకరింపుగా ‘జైహింద్’ను హసన్ సూచించాడని ప్రసిద్ధి. వారి భుజాలపై మువ్వన్నెల చిహ్నం, దానిపై దూకుతున్న పులి బొమ్మ ఉండేవి. ఒంటిపై యూనిఫారం మాత్రం జర్మన్ సైన్యానిదే. ప్రమాణంలోనూ నేతాజీ పేరుతోపాటు హిట్లర్ పేరు ఉచ్చరించవలసి వచ్చింది.

జర్మన్ సేనలు రష్యాను జయించి ముందుకు సాగితే, వాటితోపాటు భారతదేశపు వాయవ్య సరిహద్దు చేరవచ్చునని ఈ దళం ఆశించింది. కాని 1943 ఫిబ్రవరి 2న, భయంకరమైన మంచు నడుమ, స్టాలిన్‌గ్రాడ్‌లో జర్మన్ సేన లొంగిపోయింది. ఆ మార్గం మూసుకుపోయింది. అదే నెలలో నేతాజీ, హసన్ కీల్ రేవులో జలాంతర్గామి ఎక్కి తూర్పు ఆసియాకు బయలుదేరారు. సైనికులు ఐరోపాలోనే మిగిలిపోయారు.

నాయకుడు లేని ఆ సైన్యాన్ని జర్మన్లు 1943లో హాలండ్‌కు, తరువాత ఫ్రాన్సులోని బోర్డో సమీప సముద్రతీరానికి కాపలాకు పంపారు. తాము పోరాడదలచింది భారతదేశం కోసమని చెప్పి కొందరు కదలడానికి నిరాకరించి శిక్షకు గురయ్యారు. స్వేచ్ఛ కోరి బయలుదేరినవారు ఫ్రెంచి, డచ్చి ప్రజల కంటికి ఆక్రమణదారుల సైనికులుగానే కనిపించారు. 1944 ఆగస్టులో దళం ఫ్రాన్సు నుండి వెనుదిరిగినప్పుడు అక్కడి ప్రతిఘటన వీరులు దానిపై దాడిచేశారు. దళంలో కొందరు పౌరులపై అత్యాచారాలకు పాల్పడ్డారనే ఆరోపణలూ వచ్చాయి.

1944-45 శీతాకాలాన్ని వారు దక్షిణ జర్మనీలోని హాయిబెర్గ్ శిబిరంలో గడిపారు. 1945 వసంతంలో స్విట్జర్లాండ్ చేరాలని ఆల్ప్స్ పర్వతాల దిశగా సాగి, మిత్రరాజ్యాల సేనలకు చిక్కారు. అనంతరం బ్రిటిషువారి అధీనంలో స్వదేశానికి పంపబడ్డారు.

హసన్ ఇంఫాల్ పోరాటంలో పాల్గొని, స్వతంత్ర భారతదేశానికి రాయబారిగా సేవలందించి, 1984లో హైదరాబాదులో కన్నుమూశాడు. ఆ సైనికుల దేశభక్తిని శంకించనవసరం లేదు. అయితే ఒక జాతి విముక్తికి మరో జాతిని అణచే శక్తి అండ కోరితే, ఆ అండకు మూల్యం చెల్లించక తప్పదు. ఆ మూల్యాన్ని నాయకులకన్న ఎక్కువగా సామాన్య సైనికుడే చెల్లిస్తాడని ఈ చరిత్ర తెలుపుతుంది.

ప్రశ్నలు

1. స్టాలిన్‌గ్రాడ్ ఓటమి భారతీయ దళం భవితవ్యాన్ని ఎలా మార్చింది?
2. హాలండ్‌కు వెళ్లడానికి కొందరు సైనికులు ఎందుకు నిరాకరించారు?
3. ‘గమ్యం ఎంత ముఖ్యమో మార్గమూ అంతే ముఖ్యం’ – పాఠం ఆధారంగా చర్చించండి.