ముందున్నవాడికే కష్టం ఎక్కువ
(స్టాక్ కార్ రేసుల్లో ఆత్మరక్షణ పద్ధతులు)

పరుగు పందెంలో ముందున్నవాడు వెనక్కి తిరిగి చూడకూడదని మన పి.ఇ.టి. సార్లు చెబుతుంటారు. చూస్తే వేగం తగ్గుతుంది. కానీ అమెరికాలో జరిగే స్టాక్ కార్ రేసుల్లో ముందున్న డ్రైవరు చివరి చుట్టులో ఎదుటి దారితో సమానంగా వెనుక అద్దాన్నీ చూస్తుంటాడు. చూడకపోతే ఓడిపోతాడు. ఇలా ఎందుకో తెలుసుకోవాలంటే ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం చాలు.

ఈ రేసులను నడిపే నాస్కార్ సంస్థ 1948లో ఏర్పడింది. మొదట్లో షోరూములో అమ్మే కార్లతోనే పోటీలు జరిగేవి. ఇప్పుడు పైరూపం మాత్రమే అలా ఉంటుంది, లోపలిదంతా రేసు కోసమే తయారు చేస్తారు. వీటిలో పేరున్నది ఫ్లోరిడాలోని డేటోనా 500. ఇది 1959లో మొదలైంది. ఒక చుట్టు 4 కిలోమీటర్లు, మొత్తం 200 చుట్లు. మలుపుల దగ్గర రోడ్డు 31 డిగ్రీలు వాలుగా ఉంటుంది కాబట్టి కార్లు దాదాపు వేగం తగ్గించకుండానే తిరుగుతాయి.

ఇక అసలు విషయానికి వద్దాం. వేగం పెరిగితే గాలి నిరోధం వేగం వర్గానికి అనులోమానుపాతంలో పెరుగుతుంది. దాన్ని ఎదుర్కోవడానికి కావలసిన సామర్థ్యం వేగం ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అంటే వేగం పది శాతం పెరగాలంటే సామర్థ్యం సుమారు 33 శాతం పెరగాలి. ముందు కారు గాలిని చీల్చుకుంటూ పోతే దాని వెనుక అల్పపీడన ప్రాంతం ఏర్పడుతుంది. అందులోకి చేరిన కారుకు గాలి దెబ్బ తగ్గుతుంది. ఎదురుగాలిలో సైకిలు తొక్కుతూ లారీ వెనుక చేరినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు (అలా చేయకండి, ప్రమాదం). దీన్ని డ్రాఫ్టింగ్ అంటారు. 1960లో జూనియర్ జాన్సన్ అనే డ్రైవరు, తన కారు కంటే వేగమైన కార్ల వెనుక అతుక్కుని నడిపి డేటోనా 500 గెలిచాడు.

వెనుకవాడి చేతిలో ఇలా కొంత సామర్థ్యం మిగిలి ఉంటుంది. అతను కాస్త వెనక్కి తగ్గి, ఆ ఖాళీలో వేగం పుంజుకుని, వడిసెల రాయిలా పక్కనుంచి దూసుకుపోతాడు. అందువల్ల ముందున్నవాడు చేయవలసిన మొదటి పని మనం అనుకునేదానికి పూర్తిగా వ్యతిరేకం. దూరంగా పారిపోకూడదు! మధ్యలో ఖాళీ ఉంటేనే వెనుకవాడికి ఊపు వస్తుంది. తెలివైన డ్రైవరు బ్రేకును కొద్దిగా తాకుతూ, వెనుక కారును తన బంపరుకు దగ్గరగానే ఉంచుకుంటాడు. నాకు ఈ ఆటలో అన్నిటికంటే నచ్చిన విషయం ఇదే.

రెండవ పని, ఏ వరుసకు ఊపు వస్తోందో గమనించి ఆ వరుస ముందుకు జరగడం. దీన్ని బ్లాకింగ్ అంటారు. ఇందుకు అద్దం ఒక్కటే చాలదు. స్టేడియం పైన నిలబడి రేడియోలో "లోపలి వరుస వస్తోంది, పై వరుస వస్తోంది" అని చెప్పే మనిషి ఉంటాడు. అతన్ని స్పాటర్ అంటారు. అయినా ప్రత్యర్థి పక్కకు వచ్చేస్తే ఇంకో ఉపాయం ఉంది. మన కారు ముక్కును అతని కారు వెనుక చక్రం పక్కకు చేరిస్తే గాలి అతని వెనుక రెక్క మీదికి మళ్ళి అతన్ని వెనక్కి లాగుతుంది.

మార్టిన్స్‌విల్ వంటి ఒక కిలోమీటరు కూడా లేని చిన్న ట్రాకుల్లో గాలి పాత్ర తక్కువ. అక్కడ లోపలి అంచును వదలకుండా పట్టుకోవడమే రక్షణ. కోయంబత్తూరుకు చెందిన నారాయణ్ కార్తికేయన్ 2010లో నాస్కార్ ట్రక్కుల పోటీల్లో అడుగుపెట్టింది ఈ ట్రాకులోనే.

బ్లాకింగ్‌లో ప్రాణం అంతా సమయంలో ఉంది. గంటకు 300 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 83 మీటర్లు. పావు సెకను ఆలస్యమైతే నాలుగు కార్ల పొడవు దాటిపోతుంది. ఫార్ములా వన్‌లో వెనుకవాడిని అడ్డుకోవడానికి ఒక్కసారి మించి దారి మార్చకూడదనే నియమం ఉంది. నాస్కార్‌లో అలాంటిది లేదు. పైగా డేటోనా, టల్లడీగా ట్రాకుల్లో లోపలి పసుపు గీత దిగువకు వెళ్ళి ముందుకు పోతే ఆ స్థానం చెల్లదు. 2008లో టల్లడీగాలో రీగన్ స్మిత్ అలా దిగి ముందుగా గీత దాటినా, విజయం టోనీ స్టువర్టుకు ఇచ్చారు.

మరుసటి ఏడాది 2009 ఏప్రిల్‌లో అదే ట్రాకులో చివరి చుట్టు. కార్ల్ ఎడ్వర్డ్స్ ముందున్నాడు. బ్రాడ్ కెసెలోవ్‌స్కీ లోపలి వైపు నుంచి వచ్చాడు. ఎడ్వర్డ్స్ కిందికి జరిగేసరికే అవతలి కారు ముక్కు అతని వెనుక చక్రం దగ్గరికి చేరింది. గీత దిగితే గెలుపు పోతుంది కాబట్టి కెసెలోవ్‌స్కీ తన దారి వదలలేదు. ఎడ్వర్డ్స్ కారు గాలిలోకి లేచి ప్రేక్షకుల ముందున్న కంచెను ఢీకొంది. కొందరు ప్రేక్షకులు గాయపడ్డారు. ఎడ్వర్డ్స్ దిగి పరుగెత్తుకుంటూ ముగింపు గీత దాటాడు. జనం చప్పట్లు కొట్టారు గానీ, నా దృష్టిలో అది బ్లాకింగ్ కాదు. ప్రత్యర్థి చేరకముందు జరిగితే రక్షణ, చేరిన తరువాత జరిగితే ఢీకొట్టడమే.

1979 డేటోనాలో డానీ ఆలిసన్, కేల్ యార్‌బరో కూడా ఇలాగే చివరి చుట్టులో ఒకరినొకరు గుద్దుకుని ఆగిపోయారు. ఎంతో వెనుక ఉన్న రిచర్డ్ పెట్టీ గెలిచాడు.

2001 ఫిబ్రవరి 18 సంగతి వేరు. డేటోనా చివరి చుట్టులో మైకేల్ వాల్‌ట్రిప్ మొదట, డేల్ ఎర్న్‌హార్ట్ జూనియర్ రెండవ స్థానంలో ఉన్నారు. ఆ రెండు కార్లూ మూడవ స్థానంలో ఉన్న డేల్ ఎర్న్‌హార్ట్ సొంత జట్టువి. ఆయన మాత్రం వేరే యజమాని కారు నడుపుతున్నాడు. వెనుక గుంపును ఆయన అడ్డుకుంటుంటే కొడుకూ స్నేహితుడూ ముందుకు సాగారు. చివరి మలుపులో వెనుక కారు తగిలి ఆయన కారు గోడను ఢీకొంది. 49 ఏళ్ళ ఎర్న్‌హార్ట్ పుర్రె అడుగుభాగం చిట్లి చనిపోయాడు. వాల్‌ట్రిప్‌కు 463 రేసుల్లో అది మొదటి గెలుపు.

ఆ ఏడాది అక్టోబరులో తల, మెడ కదలకుండా పట్టి ఉంచే సాధనాన్ని నాస్కార్ తప్పనిసరి చేసింది. తరువాత గోడలకు తాకిడిని పీల్చుకునే పొరలు వచ్చాయి. 2020లో అదే డేటోనాలో, అదే చివరి చుట్టులో ర్యాన్ న్యూమన్ బ్లాకింగ్ చేయబోయి గోడను కొట్టి తిరగబడ్డాడు. ఇంకో కారు వచ్చి అతని తలుపు వైపే గుద్దింది. రెండు రోజులకు కూతుళ్ళ చేతులు పట్టుకుని ఆసుపత్రి నుంచి నడిచి వచ్చాడు. మే నెలలో మళ్ళీ రేసు నడిపాడు.