చెట్టు ఎవరిది? - నైజర్ పల్లెల అనుభవం

దారిద్ర్యానికీ ప్రకృతి వనరుల క్షయానికీ గల సంబంధాన్ని అర్థశాస్త్ర గ్రంథాలు తరచుగా ఒక విషవలయంగా వర్ణిస్తాయి. పేదవాడు వంటచెరకు కోసం చెట్టు నరుకుతాడు. చెట్టు పోయిన నేల సారం కోల్పోతుంది. సారహీనమైన నేల అతనిని మరింత పేదవానిని చేస్తుంది. ఈ వర్ణన అసత్యం కాదు. అయితే ఇందులో ఒక ప్రశ్న మరుగుపడుతున్నది. ఆ చెట్టు ఎవరిది? పశ్చిమాఫ్రికాలోని నైజర్ దేశ చరిత్ర ఈ ప్రశ్నను మన ముందుంచుతున్నది.

సహారా ఎడారికి దక్షిణపుటంచున, అట్లాంటిక్ తీరం నుండి ఎర్రసముద్రం వరకు వ్యాపించిన మెట్టప్రాంతాన్ని సాహెల్ అంటారు. ఉర్దూ చదివిన మిత్రులకు 'సాహిల్' అనే మాట సుపరిచితమే. రెండింటికీ మూలం తీరమనే అర్థం గల అరబ్బీ పదం. ఇసుక సముద్రానికి ఇది ఒడ్డు అన్నమాట. ఇక్కడ వర్షం ఏడాదికి మూడు నాలుగు నెలలే. ముఖ్యమైన పంటలు సజ్జ, జొన్న. మన సజ్జకు సైతం పుట్టినిల్లు పశ్చిమాఫ్రికాయేనని శాస్త్రజ్ఞులు నిర్ణయించారు.

నైజర్ ఫ్రెంచివారి పాలనలో ఉండగా 1935లో వెలువడిన అటవీ శాసనం చెట్లపై అధికారాన్ని ప్రభుత్వపరం చేసింది. 1960లో స్వాతంత్ర్యం లభించిన తరువాత కూడ ఆ ధోరణి కొనసాగింది. తన పొలంలోని చెట్టు కొమ్మ కొట్టినా రైతు జరిమానాకు భయపడవలసినదే. చెట్టు పెరిగితే పెత్తనం అధికారిది, ఇబ్బంది రైతుది! కనుక విత్తుటకు ముందు పొలంలో మొలిచిన ప్రతి చిగురునూ కొట్టివేయటమే అతనికి క్షేమమని తోచింది. రక్షణకై పుట్టిన శాసనం ఈ విధంగా చెట్టుకే శత్రువైనది. దానికి తోడు 1970ల తొలినాళ్ళలోనూ, 1984లోనూ దారుణమైన కరవులు వచ్చాయి.

మొక్కలు నాటించే పథకాలు ఎన్నో సాగినవి గాని, నాటినవి చాలవరకు ఎండిపోయాయి. ఆస్ట్రేలియా దేశీయుడైన వ్యవసాయ నిపుణుడు టోనీ రినాడో మరాడీ ప్రాంతంలో ఇట్టి వైఫల్యాలను కళ్ళారా చూచినవాడే. పొలాలలో పొదలవలె కనిపించేవి నిజానికి నరికిన చెట్ల మోళ్ళ నుండి లేచిన చిగుళ్ళేనని ఆయన 1983లో గ్రహించాడు. వేళ్ళు సజీవంగానే ఉన్నాయి; నాటవలసిన పనే లేదు. ఒక్కొక్క మోడుపై బలమైన కొన్ని కొమ్మలను ఉంచి, తక్కినవి కోసివేసి, పశువుల నుండి కాపాడితే చాలు. ఖర్చు కత్తి ఒక్కటే. అయితే పెంచిన చెట్టు తనకు దక్కుతుందన్న నమ్మకం రైతుకు కలగాలి కదా! అటవీ అధికారులు పట్టు సడలించిన తరువాతనే ఈ పద్ధతి ఊరినుండి ఊరికి పాకింది.

సుమారు ఇరవై ఏళ్ళలో మరాడీ, జిండర్ ప్రాంతాలలో 50 లక్షల హెక్టార్ల సాగుభూమిపై దాదాపు 20 కోట్ల చెట్లు పెరిగినట్లు ఉపగ్రహ చిత్రాల ఆధారంగా పరిశోధకులు అంచనా వేశారు. వీటిలో తుమ్మకు బంధువైన 'గావో' వృక్షం విశేషమైనది. ఇతర చెట్లకు భిన్నంగా ఇది వానకాలంలో ఆకు రాల్చుతుంది. అందువలన పైరుకు నీడ అడ్డు రాదు; రాలిన ఆకు, వేళ్ళు స్థిరీకరించిన నత్రజని నేలకు బలమిస్తాయి. ఎండకాలంలో దాని ఆకులూ కాయలూ పశువుల మేత. కట్టెలకై దూరం నడచే శ్రమ స్త్రీలకు తగ్గింది. పంట పోయిన ఏట కట్టెలు అమ్మి ధాన్యం కొనుక్కొనే వీలు కలిగింది. చెట్టు ఇక్కడ పేదవాని బ్యాంకు.

ఇంతమాత్రాన నైజర్ సంపన్నమైనదని భావించరాదు. జనాభా వేగంగా పెరుగుతున్న ఆ దేశం నేటికీ ప్రపంచంలోని అతిపేద దేశాలలో ఒకటి. పైగా హక్కు ఒకరికి కలిగినప్పుడు మరొకరి చేయి ఖాళీ కావచ్చు. పంట కోసిన పొలాలలో మందలు మేపుకొనే ఫులానీ పశుపాలకులు, పూర్వం అందరివిగా ఉన్న కొమ్మలకు ఇప్పుడు అనుమతి కోరవలసి వచ్చింది. 2020లో ప్రభుత్వం ఒక ఉత్తర్వు ద్వారా, తాము పెంచిన చెట్లపై రైతులకు గల హక్కును గుర్తించింది. కాని భర్త భూమిలో ఒక చిన్న మడిని సాగుచేసుకొనే స్త్రీకీ, భూమి లేని కాపరికీ ఆ కాగితం ఏపాటి నీడనిస్తుందన్నది ఆయా గ్రామాలలో పెద్దలు కూర్చుండి తేల్చవలసిన విషయంగానే ఉన్నది.