పడినవారు పెద్దలైనప్పుడు

ఉద్యోగములో పైమెట్టు నెక్కిన స్త్రీ తన క్రింద పనిచేయు పిన్నవారిని గూర్చి, "మేము పడలేదా? అప్పుడు మాకెవరు అడ్డుపడినారు?" అని పలుకుట, ఆఫీసులలో కొన్నేండ్లు గడపిన వారెల్లరు వినియే యుందురు. ఆ మాట పలికిన ఆమె దుష్టురాలు కాదు. ప్రసూతి సెలవు ముగించుకొని వచ్చిననాడు తన కుర్చీలో వేరొకరు కూర్చుండగా చూచినదో, తన ప్రమోషనును గూర్చి చాటున సాగిన వెకిలి మాటలు చెవిని బడగా పంటి బిగువున ఓర్చుకొన్నదో, ఇంట తిన్న దెబ్బను పైటకొంగున దాచి ఉదయము తొమ్మిదింటికి హాజరుపట్టీలో సంతకము చేసినదో అయి యుండును. అత్తా ఒకింటి కోడలే అను సామెత మనవారిలో ఊరక పుట్టలేదు. బాధపడినవారికి దయ దానంతట అలవడునని తలచుట పొరపాటు. బాధ నేర్పునది తొలుత ఓర్పును, ఆ ఓర్పే కాలక్రమమున ఇతరులను కొలుచు మానదండమై కూర్చుండును. కావున ఉన్నతిని కోరు స్త్రీ తాను పడినదానిని రాబోవువారికి పరీక్షగా పెట్టునా, లేక దానినుండి పని నడపు పద్ధతి నొకదానిని తీయునా అను విషయమును అధికారము చేతికి రాకమునుపే తేల్చుకొనుట మేలు.

గాయపడిన మనస్సు ఆఫీసులో కన్నీరుగా కనబడుట అరుదు. ఉదయము పదకొండు గంటలకు పై అధికారిణి ఒక అమ్మాయికి "సాయంత్రము ఒకసారి నా గదికి రండి, మాట్లాడవలె" అని ఫోనులో సందేశము పంపి, మరుక్షణమే తన పనిలో మునిగిపోవును. ఆమె మనస్సున నున్నది మార్చి నెల బిల్లుల సంగతి మాత్రమే. కాని ఆ అమ్మాయి, పూర్వమొక ఉద్యోగములో ఇట్లే పిలిచి తలుపు మూసి అవమానించిన మనిషిని తలచుకొని, మధ్యాహ్నము అన్నపు డబ్బా మూతయైనను తీయక, సరిగానే యున్న లెక్కను మరల మరల కూడి, చివరకు సరిగా నున్న అంకెనే దిద్ది తప్పు చేయును. సందేశమునకు "మార్చి బిల్లుల గురించి" అను మూడు మాటలు చేర్చి యుండిన ఆ దినమంతయు దక్కెడిది. ఈ మూడు మాటలను చేర్చుటకు అధికారిణికి ఆ అమ్మాయి పూర్వకథ తెలియ నక్కరలేదు. తెలియకయే చేయదగినది గనుకనే దీనిని పద్ధతి యనుచున్నాను.

జూడిత్ హెర్మన్ అను అమెరికా మనోవైద్యురాలు 1992లో వెలువరించిన ప్రసిద్ధగ్రంథమున, తీవ్రాఘాతము నుండి కోలుకొనుటకు మొదటి మెట్టు భద్రత యనియు, తన విషయమున నిర్ణయించు శక్తి బాధితురాలికి మరల దక్కుట ఆవశ్యకమనియు ప్రతిపాదించిరి. ఆమె వ్రాసినది చికిత్సను గూర్చి. అధికారిణి చికిత్సకురాలు కాదు, కాగోరరాదు కూడ. మీటింగులో మౌనముగా నున్నవారిని పట్టుకొని "నీకేమి జరిగినదో చెప్పుము" అని తరచి యడుగు ఉత్సాహవంతులను చూచినప్పుడు, కఠినురాలైన పాతకాలపు అధికారిణియే మేలేమో యని నాకు తోచును. చెప్పకుండు హక్కు కూడ భద్రతలో భాగమే. అవసరమైనవారికి మానసిక వైద్యుని దారి చూపి, సెలవు ఇప్పించి, తన పని తాను చూచుకొనుట చాలును.

ఈ విషయమై వ్యాసములు వ్రాయువారికి పాశ్చాత్య ఉదాహరణములే ముందు స్ఫురించును గాని, నాకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితము కన్న మంచి పాఠము కనబడలేదు. 1909లో రాజమహేంద్రవరమున జన్మించి, ఎనిమిదేండ్ల ప్రాయమున పెండ్లి చేయబడి, ఊహ తెలిసిన పిమ్మట ఆ బంధమును తామే వదలుకొన్న ఆమె, ఉప్పు సత్యాగ్రహము నాటినుండి పలుమార్లు చెరసాలకేగి, మధురై చెరలో ఏకాంతనిర్బంధమును సైత మనుభవించిరి. చెరలో ఆమె మనస్సును పట్టి కుదిపినది తమ కష్టము కాదు. ఏ నేరమునకు ఏ శిక్ష పడినదో, తమ పక్షమున ఏమి చెప్పుకొనవలసి యుండెనో తెలియక మ్రగ్గుచున్న నిరక్షరాస్యులైన స్త్రీల దుస్థితి. విడుదలైన పిమ్మట ఆమె చదువును అందిపుచ్చుకొని, కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను మొదలుకొని మెట్టు మెట్టుగా ఎక్కి, 1942లో మద్రాసున న్యాయశాస్త్ర పట్టమును పొందిరి. తాము నడచిన ఆ అడ్డదారినే ఇతరులకు రాచబాటగా వేయుట ఆమె ప్రత్యేకత. మద్రాసున 1937లో వెలసిన ఆంధ్ర మహిళాసభలో కాశీ మెట్రిక్యులేషనుకు స్త్రీలను తయారుచేసిరి. 1953లో కేంద్ర సంఘసంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలై, చదువు మధ్యలో తెగిపోయిన వయోజన స్త్రీలకొరకు సంక్షిప్త విద్యాశిక్షణలను 1958లో దేశమంతట నెలకొల్పుటకు కారకులైరి.

ఆ శిక్షణల యేర్పాటును కొంచెము నిదానించి చూడవలెను. భర్త విడిచిన ఆమెయు, వితంతువును, పేదరికమున బడి మానిన ఆమెయు చిన్నపిల్లల ప్రక్కన బల్లపై కూర్చుండి సిగ్గుపడ నక్కరలేకుండ వారికి వేరు తరగతి యేర్పడెను. ఏండ్ల పాఠము రెండేండ్లలోనికి కుదిరెను. పరీక్ష మాత్రము అందరు వ్రాయు పరీక్షయే. దారి మారెను గాని గమ్యము తగ్గలేదు. నేటి అధికారిణులు కొందరు జాలిపడి, దెబ్బతిన్న ఉద్యోగినికి ముఖ్యమైన పని నొసగక, "పాపము, ఆమెను ఇప్పుడు కదపకుడు" అని ప్రక్కకు నెట్టుదురు. ఏడాది తిరుగునప్పటికి ఆ జాలియే ఆమె ప్రమోషనును మ్రింగివేయును. పని తగ్గించుటయా, గడువు పొడిగించుటయా, తోడు నిచ్చుటయా యని ఆమెనే యడిగి ఆమె కోరిన ప్రకారము చేయుట వేరు, ఆమెకు బదులుగా తాము నిర్ణయించుట వేరు. 1923 కాకినాడ కాంగ్రెసు ప్రదర్శనశాల వాకిట, ఇంకను బాలికయైన దుర్గాబాయి టిక్కెట్టు లేని జవహర్‌లాల్ నెహ్రూను ఆపిన కథను మనవారు ధైర్యమునకు ఉదాహరణముగా చెప్పుదురు. నాకు అందు నచ్చునది నియమము ఎవరికైనను ఒక్కటియే యగుట. పెద్దల ముఖము చూచి మారు నియమముల వలన నలిగినవారికి అట్టి నిలకడయే అన్నిటికన్న పెద్ద ఊరట.

ఈ నిలకడకు గట్టి పరీక్ష ఎదురగు స్థలమొకటి చట్టమే కల్పించినది. రాజస్థానమున బాల్యవివాహమును ఆపబోయి 1992లో అత్యాచారమునకు గురియైన ప్రభుత్వ కార్యకర్త భంవరీదేవి ఉదంతము మూలముగా, సర్వోన్నత న్యాయస్థానము పనిచోట స్త్రీలపై జరుగు లైంగిక వేధింపులను గూర్చి 1997లో విశాఖ తీర్పు నిచ్చెను. దాని వెనుక 2013లో చట్టము వచ్చెను. పదిమంది గాని అంతకు మించి గాని పనిచేయు ప్రతి సంస్థలోను విచారణసంఘ ముండవలెను, దానికి ఉన్నతస్థానమున నున్న స్త్రీ అధ్యక్షత వహింపవలెను, విచారణ 90 దినములలో ముగియవలెను. ఉన్నతిని కోరిన స్త్రీ ఒకనాడు ఆ కుర్చీలో కూర్చుండక తప్పదు. ఎదుట కూర్చున్న ఫిర్యాదుదారు తేదీలు తారుమారు చేయును, ఒక వాక్యము ముగింపక మరొకటి యెత్తుకొనును, నవ్వరాని చోట నవ్వును. భయము మెదడులో జ్ఞాపకమును వరుసగా పేర్చదని ఎరిగిన అధ్యక్షురాలు దీనిని అబద్ధమునకు గుర్తుగా కొనదు, "అప్పుడే ఏల చెప్పలేదు?" అను ప్రశ్నతో మొదలిడక, ఎక్కడినుండి చెప్పిన సులభమో అక్కడినుండి చెప్పనిచ్చి, తేదీలను పిదప కాగితములతో సరిచూచుకొనును. ప్రతివాదికిని అదే ఓపికతో మాట్లాడు అవకాశ మిచ్చును. విచారణ జరుగునంత కాలము బదిలీ గాని, మూడు నెలలవరకు సెలవు గాని వ్రాతమూలకముగా కోరవచ్చునని ఫిర్యాదుదారుకు మొదటనే తెలుపును. చట్టమిచ్చిన ఈ సౌకర్యము ఎందరకో తెలియదు.

ఇక తన గాయము మాట. అర్ధరాత్రివరకు మేలుకొని ఒక్క తప్పును దొరకనీయక పనిచేయుట కొందరికి కవచము. పిడికెడు పొగరుబోతుల నడుమ పైకి వచ్చిన ఆమె దానిని విడువజాలదు. విడువు మని నేను చెప్పబోను, దానివలననే ఆమె బ్రతికి బట్టకట్టినది. కాని ఆ కవచము క్రిందివారికి బరువు కాకుండ, రాత్రి ఒంటిగంటకు వ్రాసిన ఉత్తరమును ఉదయము తొమ్మిదింటికి చేరునట్లు పెట్టుటకు కంప్యూటరులో వీలున్నది, ఉపయోగించుకొనవచ్చును.

ఇంతయు చేసిన ఆమెను ఏడాది చివర, "మీరు స్త్రీలు గనుక కలుపుగోలుతనము మీకు సహజము" అని మెచ్చుకొని, ప్రమోషను వేరొకరికిచ్చు అధికారులు లేకపోలేదు. దుర్గాబాయి తమ కార్యమును స్వభావమునకు విడువలేదు. దానికొక మండలిని, నిధులను, పదవులను రాబట్టిరి. కనుక సంవత్సరాంతపు స్వీయ మూల్యాంకన పత్రములో, గడువు మార్చి నిలబెట్టుకొన్న ఉద్యోగిని తరువాత సాధించిన పని యేమో, వదలిపోవలసిన వారెందరు నిలిచిరో, విచారణసంఘమున ఎన్ని దినములు కూర్చుంటిమో లెక్కలతో వ్రాయవలెను, జీతపు పెంపు అడుగు గడిలో దానికి తగిన అంకెయు వేయవలెను.