భాగహారమందలి మాటలు

50ని 6చే భాగింపుమన్నచో మన బాలబాలికలు తక్షణమే 8 అని చెప్పి, 2 మిగిలినదని వ్రాయుదురు. ఆ 8 యేమి, ఆ 2 యేమి యని మేమడిగినచో పలువురు మౌనము వహింతురు. కావున నీ మాటలను గూర్చి కొంత వ్రాయబూనితిమి.

భాగింపబడునది విభాజ్యము, భాగించునది విభాజకము, వచ్చినది భాగఫలము, మిగిలినది శేషము. విభాజకమును భాగఫలముచే గుణించి శేషమును కలిపినచో మరల విభాజ్యము రావలెను: 6 × 8 + 2 = 50. శేషము విభాజకముకంటె తక్కువగా నుండవలెను. అట్లు కానిచో ఇంకొకమారు తీసివేయుటకు వీలున్నదన్నమాట.

తెలుగున గణితము వ్రాయుట పాతదే. 11వ శతాబ్దమున పావులూరి మల్లన మహావీరాచార్యుని సంస్కృత గణితసారసంగ్రహమును తెనిగించెను. సంస్కృతమున లబ్ధి యనగా భాగఫలము. నేటి తెలుగు పాఠ్యపుస్తకములలో లబ్ధము గుణకారమువలన వచ్చు ఫలము. పాత పుస్తకములు చదువువారు దీనిని మఱువరాదు. 1948కి పూర్వము హైదరాబాదు రాజ్యపు ఉన్నత పాఠశాలలలో బోధన ఉర్దూలో జరుగుచుండెను గనుక, ఆనాటి మన సిద్దిపేట ప్రాంతపు విద్యార్థులకు విభాజ్యము మఖ్సూమ్, భాగఫలము ఖారిజె ఖిస్మత్, శేషము బాఖీ. అంగడి పద్దులలోని ‘బాకీ’ ఆ మాటయే.

ఇక ముఖ్యవిషయము. భాగఫలము రెండు వేఱు ప్రశ్నలకు బదులు చెప్పును. 50 రూపాయలను ఆర్గురకు సమముగా పంచినచో ఒక్కొక్కరికెంత? ఇది పంచుట. 50 గజముల పడుగున 6 గజముల చీరలెన్ని? ఇది కొలుచుట, అనగా 50లో 6 ఎన్నిమారులున్నదో చూచుట. ఇంగ్లీషువారి ‘క్వోషెంట్’ అను మాటయు ‘ఎన్నిమారులు’ అను నర్థముగల లాటిను పదమునుండియే పుట్టినది.

రెంటను భాగఫలము 8, శేషము 2. అయినను శేషముల గతి వేఱు. గొల్లభామ చీరలు నేయు సిద్దిపేట నేతగానికి, తఱుగు లెక్కింపకున్నను, మిగిలిన 2 గజములు తొమ్మిదవ చీర కాజాలవు. రూపాయలను మాత్రము చిల్లర మార్చవచ్చును. అణాల కాలమున 2 రూపాయలనగా 32 అణాలు. తలకు 5 అణాలు పోను 2 అణాలు మిగులును. అణాకు 12 పైలు గనుక అవి 24 పైలై, తలకు 4 చొప్పున నిశ్శేషముగా పంచబడును. 1957లో రూపాయికి 100 పైసలైన పిమ్మట తలకు 33 పైసలు పోను 2 పైసలు మిగులుచున్నవి! పాత నాణెముల లెక్కను నిందించువారు దీనిని గమనింపరు.

మఱియొకటి. 50 మంది ప్రయాణమగుచున్నారు. బండికి ఆర్గురే పట్టుదురు. బండ్లెన్ని కావలెను? 8 అని వ్రాసిన బాలుని భాగహారమున తప్పు లేదు. కాని యిద్దరు దారిలో నిలిచియున్నారు.