మలేరియా మందునకు తొలి పరీక్ష

మలేరియాకు క్రొత్తగా కనుగొనిన మందును వెంటనే రోగికి ఇచ్చుట తగదు. అది రోగమును పోగొట్టునో, రోగికే కీడు చేయునో ముందుగా తెలిసికొనవలయును. ఇందుకు తోడ్పడు చిన్న ప్రాణి చిట్టెలుక.

మానవులకు మలేరియా కలిగించు పరాన్నజీవులు సాధారణముగా చిట్టెలుకలో బ్రతుకవు. అందుచేత చాలకాలము మందులను పక్షులపై పరీక్షించుచుండిరి. 1897లో సికిందరాబాదున దోమ కడుపులో పరాన్నజీవిని కనుగొనిన రోనాల్డ్ రాస్ కూడ, 1898లో కలకత్తాలో పక్షుల మలేరియా మూలముననే దాని జీవితచక్రమును నిరూపించెను. 1948లో బెల్జియన్ కాంగోలోని కటాంగా ప్రాంతమున విన్కే, లిప్స్ అను శాస్త్రజ్ఞులు అడవి ఎలుకలలో ప్లాస్మోడియమ్ బెర్గీ అను పరాన్నజీవిని కనుగొనిరి. ఇది ప్రయోగశాలలోని తెల్ల చిట్టెలుకలలో సులభముగా వృద్ధిపొందును. పక్షికంటె ఎలుక మానవునకు దగ్గరి జీవి. కనుక పరీక్షలకు క్రొత్త మార్గ మేర్పడెను.

పరీక్షావిధాన మిట్లుండును. సుమారు ఒక కోటి రోగగ్రస్త రక్తకణములను ప్రతి చిట్టెలుకకు సూదిద్వారా ఎక్కింతురు. ఒక జట్టునకు మందు ఇయ్యరు. తక్కిన జట్లకు వేర్వేరు మోతాదులలో వరుసగా 4 దినములు మందిత్తురు. అయిదవ దినమున తోకనుండి రక్తపుబొట్టు తీసి, గాజుపలకపై పూసి, రంగువేసి, సూక్ష్మదర్శినితో లెక్కింతురు. మందులేని జట్టులో 100 ఎఱ్ఱకణములకు 20 రోగగ్రస్తములై, మందిచ్చిన జట్టులో 2 మాత్రమే యున్నచో, ఆ మోతాదు రోగమును నూటికి 90 వంతులు అణచినదని యర్థము.

చైనాలో టూ యూయూ అను శాస్త్రజ్ఞురాలు చింగ్‌హావో మొక్కసారమును ఇట్లే పరీక్షించెను. తొలుత కనిపించిన గుణము మరల పరీక్షింపగా నిలువలేదు. ప్రాచీన వైద్యగ్రంథ మొకటి ఆ మొక్కను నీట నానబెట్టి పిండుకొమ్మనెనే గాని, కాచుమనలేదు. వేడిమి మందు గుణమును చెరచుచున్నదని తలచి, ఆమె తక్కువ వేడిమిలో ఈథరుతో సారము తీసెను. 1971 అక్టోబరులో ఆ సారము చిట్టెలుకల రక్తమునుండి పరాన్నజీవులను పూర్తిగా తొలగించెను. 1972లో ఆమెయు సహచరులును ముందుగా తామే దానిని సేవించి, పిమ్మట రోగుల కిచ్చిరి. అందలి మూలద్రవ్యమే ఆర్టెమిసినిన్. ఇందులకై ఆమెకు 2015లో నోబెల్ బహుమాన మీయబడెను.

అయినను చిట్టెలుక మానవుడు కాదు. ఎలుకలో నెగ్గిన మందు మనుష్యునిలో విఫలము కావచ్చును. కనుక ఇది తొలి మెట్టే గాని కడపటిది కాదు.

చిట్టెలుకలు మరొక పాఠమును గూడ నేర్పినవి. చాలీచాలని మోతాదులో మందును పదేపదే ఇచ్చినచో, దానికి లొంగని పరాన్నజీవులు ప్రబలును. కావున జ్వరము తగ్గినదని నడుమ మాత్రలు మానరాదు. రక్తపరీక్ష చేయించుకొని, వైద్యుడు చెప్పిన మోతాదును చెప్పినన్ని దినములు తప్పక వాడవలయును.