చేతనను చూసే చూపు: మెదడుపై ఒక అయస్కాంత ప్రయోగం



ఈ పాఠాన్ని ఒక చిన్న కథతో మొదలుపెడదాం. ఒకతను తన ప్రియురాలితో కలిసి ఒక వంతెన దగ్గరికి వచ్చాడు. ఆ వంతెన గట్టిది కాదని అతనికి తెలుసు. అయినా ఒక్క మాట చెప్పకుండా ఆమెను దాని మీద నడిచి వెళ్లనిచ్చాడు. ఆమె అదృష్టం బాగుండి క్షేమంగా అవతలికి చేరింది. ఇప్పుడు మీరు చెప్పండి, అతను చేసింది తప్పా, కాదా?

"తప్పే" అని వెంటనే అంటారు. ఆమెకు చిన్న దెబ్బ కూడా తగల్లేదు కదా అంటే, "తగలకపోతే ఏమైంది? వాడి బుద్ధి చూడండి" అంటారు. అంటే మీరు జరిగిన ఫలితాన్ని పక్కన పెట్టి, అతని మనసులో ఉన్నదాన్ని చూశారన్నమాట. పాళీలో దీన్నే చేతన అంటాం. ఎదుటివాడి చేతనను చూసే ఈ శక్తి మనకు ఎక్కడినుంచి వచ్చింది? అది ఎప్పుడూ ఒకేలా ఉంటుందా?

ప్రయోగం ఎలా జరిగింది?

1985లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఆంథోనీ బార్కర్, ఆయన సహచరులు ఒక పద్ధతి కనిపెట్టారు. తీగచుట్టను తలకు ఆనించి పట్టుకుంటారు. అందులో కరెంటు క్షణంలో వచ్చి పోయేటప్పుడు అయస్కాంత శక్తి పుడుతుంది. అది పుర్రె దాటి వెళ్లి, కిందనున్న నరకణాల్లో సన్నని విద్యుత్తును పుట్టిస్తుంది. కోత లేదు, మత్తుమందు లేదు. మెదడులో ఒక చిన్న భాగం పనిని కాసేపు మార్చవచ్చు. అమెరికాలో 2008 నుంచి డిప్రెషన్ వైద్యానికి కూడా ఈ పద్ధతికి అనుమతి ఉంది.

అమెరికాలోని ఎంఐటీలో లియాన్ యంగ్, రెబెకా సాక్స్, వారి సహచరులు దీన్ని నీతి తీర్పుల మీద పరీక్షించి, 2010లో ఫలితాలు ప్రకటించారు. వారు ఎంచుకున్న చోటు కుడి చెవికి కాస్త పైన, వెనకవైపు ఉంటుంది. ఎదుటివాళ్లు ఏమనుకుంటున్నారో, ఏం నమ్ముతున్నారో ఊహించేటప్పుడు ఆ భాగం బాగా పనిచేస్తుందని అంతకుముందే గమనించారు. ఒక ప్రయోగంలో అక్కడ 25 నిమిషాలు అయస్కాంత తాకిడి ఇచ్చి, ఆ తర్వాత వంతెన కథలాంటివి చదివించారు. ఇంకో ప్రయోగంలో సరిగ్గా తీర్పు చెప్పే క్షణంలోనే, అర సెకను పాటు ఇచ్చారు. చేసిన పని ఎంతవరకు సరైనదో 1 నుంచి 7 వరకు మార్కులు వేయమన్నారు.

ఏం తేలింది?

హాని చేయాలని చూసి విఫలమైన వాడి విషయంలో తీర్పు మెత్తబడింది. "ఆమెకు ఏమీ కాలేదు కదా" అన్నవైపు కొంచెం జరిగింది. చేతన వెనక్కి పోయి, ఫలితం ముందుకు వచ్చింది. పక్కనే ఉన్న ఇంకో చోట తాకిడి ఇస్తే ఈ మార్పు రాలేదు.

ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. ఎవరూ దుర్మార్గులైపోలేదు. తప్పు ఒప్పయిపోలేదు, తూకం కొద్దిగా ఒరిగిందంతే. పాల్గొన్నవారు కూడా కొద్దిమందే. కాబట్టి "అయస్కాంతంతో నీతిని తీసేయొచ్చు" అని ఎవరైనా చెబితే నమ్మకండి. మెదడుకు కరెంటు పెట్టి తెలివి పెంచుతామని సామాన్లు అమ్మేవాళ్ల దగ్గరికి అసలే వెళ్లకండి.

ధమ్మం వైపు నుంచి చూస్తే

జేతవనంలో జరిగినట్టు చెప్పే చక్ఖుపాల థేరుని కథ మీకు తెలిసే ఉంటుంది. ఆయనకు కళ్లు కనబడవు. వాన వెలిసిన తర్వాత నడుస్తూ ధ్యానం చేస్తుంటే కాళ్ల కింద పురుగులు చచ్చాయి. భిక్షువులు ఫిర్యాదు చేశారు. ఆయన ఆ పురుగులను చూడలేదు, చంపాలన్న చేతన ఆయనకు లేదు, అందుకే అది దోషం కాదని బుద్ధుడు వివరించాడు. వంతెన కథను తిరగేస్తే ఈ కథ అవుతుంది. అక్కడ హాని జరగలేదు కానీ తప్పుంది. ఇక్కడ హాని జరిగింది కానీ తప్పు లేదు. కమ్మ అంటే చేతనే అన్నది బుద్ధుని బోధ. బాబాసాహెబ్ కూడా 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో అహింసను వివరిస్తూ, చంపాలన్న కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు అని విడదీసి చూపించారు.

మరి కులం ఏం చేసింది? 1927లో మహాడ్‌లో మన వాళ్లు చవదార్ చెరువు నీళ్లు తాగారు. ఆ తర్వాత సవర్ణులు ఆ చెరువును పేడతో, గోమూత్రంతో "శుద్ధి" చేశారు. తాగినవాళ్ల మనసులో ఏముందని ఎవరైనా అడిగారా? ఎవరు ముట్టుకున్నారన్నదే లెక్క. చేతనను చూడని నీతి ఎంత క్రూరంగా ఉంటుందో మనకు పుస్తకం చదివి తెలుసుకోవలసిన పనిలేదు.

"అంతా మెదడు పనే అయితే, ఇక మనిషికి బాధ్యత ఏముంది?" అని కొందరు అడుగుతారు. ధమ్మం శాశ్వతమైన ఆత్మను ఒప్పుకోదు. ఏదైనా కారణాల వల్ల పుడుతుంది, కారణాలు మారితే మారుతుంది. తీర్పు చెప్పే శక్తీ అంతే. అందుకే బాధ్యత పెరుగుతుంది, తగ్గదు. దీపం గాలికి ఊగుతుందని తెలిసినవాడే చేయి అడ్డం పెడతాడు. మత్తుకు దూరంగా ఉండమని అయిదో శీలం చెప్పింది ఇందుకే. సారా, కోపం, నిద్రలేమి మన తూకాన్ని ఒరగదోయడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు.

ఇంకో మాట. కులం పేరుతో తిట్టి "నా ఉద్దేశం అది కాదు" అనేవాళ్లు ఉన్నారు. చేతన అంటే నోటితో చెప్పేది కాదు. తెలిసి చేశాడా, తెలుసుకునే అవకాశం ఉండీ పట్టించుకోలేదా అని కూడా చూడాలి. ఏమరుపాటు కూడా దోషమే.

ఈ వారం సాధన

ఇంట్లో పాప చేయిజారి పాలు ఒలకబోసింది. బాబు తమ్ముడి మీదికి రాయి విసిరాడు, తగల్లేదు. మీరు ఎవరిని గట్టిగా కోప్పడ్డారు? పాలు పోయాయి కాబట్టి పాపనే అయితే, మీ మెదడుకు ఏ అయస్కాంతమూ పెట్టకుండానే చేతనను మరిచిపోయారన్నమాట. నోరు తెరిచేముందు మూడు శ్వాసలు గమనించండి. "ఏం జరిగింది?" అన్న తర్వాత "ఏమనుకుని చేశారు?" అని కూడా అడగండి. తర్వాత ఇదే ప్రశ్న మీ పనుల గురించి మిమ్మల్ని మీరు వేసుకోండి. ఆదివారం విహారంలో కలిసినప్పుడు మీరు గమనించింది నలుగురితో చెప్పండి.

నమో బుద్ధాయ! జై భీమ్!